పన్ను దొంగతనమంటున్న కొడుకు, ఇన్‌స్పెక్టర్ కావాలంటున్న తండ్రి

ప్రశ్న: వరంగల్ చౌరస్తా దగ్గర మాకు ఎలక్ట్రికల్ సామాన్ల షాపు ఉంది. మా అబ్బాయి హన్మకొండలో బీకాం చివరి సంవత్సరం. రెండేళ్లుగా షాపు జీఎస్టీ లెక్కలన్నీ వాడే చూస్తున్నాడు. ఈ మధ్య మనిషి స్వేచ్ఛలో సర్కారు జోక్యం వీలైనంత తగ్గాలనే లిబర్టేరియన్లంటూ ఎవరివో పుస్తకాలు చదివి, "బాపూ, పన్నంటే దొంగతనమే, కట్టడం కూడా తప్పే" అని వాదిస్తున్నాడు. పోయిన నెల రిటర్న్ వేయనే లేదు. ఓ కాంట్రాక్టర్ ఫోన్ చేసి అడిగితే గాని ఆ సంగతి నాకు తెలియలేదు. వాడితో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష ఎస్ఎస్‌సీ సీజీఎల్ రాయించి ఇన్‌కమ్ ట్యాక్స్ ఇన్‌స్పెక్టర్‌ని చేయాలని నా కోరిక. ఆ మాటెత్తితేనే అన్నం ముందు నుంచి లేచిపోతున్నాడు. టెన్షన్‌తో నాకు నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: అన్నా, కెరీర్ సంగతి తర్వాత. ముందు ఆ ఆగిపోయిన రిటర్న్ ఈరోజే వేయించండి. నెలనెలా పన్ను కట్టే రిటర్న్ 3బీ ఆలస్యమైతే రోజుకు 50 రూపాయల లేట్ ఫీజు, కట్టాల్సిన పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ. వరసగా రెండు నెలలు వేయకపోతే సరుకు రవాణాకు కావాల్సిన ఈ-వే బిల్లు తీయలేరు, సరుకు గోదాములోనే ఉండిపోతుంది.

ఇక్కడి నుంచి అబ్బాయితో మాట్లాడతాను. ఈ భాగం అతనికే ఇచ్చి చదవమనండి.

బాబూ, నీ వాదన నాకు కొత్త కాదు. సంపాదన మీద పన్ను వేయడం బలవంతపు చాకిరీతో సమానమని అమెరికా తత్వవేత్త రాబర్ట్ నోజిక్ 1974లోనే రాశాడు. మన భాషలో దాన్ని వెట్టి అంటాం. దొరల కింద వెట్టి నడిచిన పాలకుర్తి, జనగామ చుట్టుపక్కల పుట్టినవాళ్లెవరూ ఆ మాటను తేలిగ్గా తీసిపారేయలేరు. కాబట్టి "రోడ్లు వాడుకోవడం లేదా, ఎంజీఎంలో వైద్యం చేయించుకోవడం లేదా" అని నీతో వాదానికి దిగను. "నేనడిగానా?" అంటావు. అదీ ఒక జవాబే. నీ సూత్రం నిజమనే అనుకుని లెక్క చూద్దాం.

చూడటం మొదలుపెట్టగానే మీ షాపు కౌంటర్ దగ్గరే ఆగిపోతాం. ఒక కాంట్రాక్టర్ మీ దగ్గర 2 లక్షల రూపాయల వైర్లు, స్విచ్‌లు కొన్నాడనుకో. దానిమీద 18 శాతం జీఎస్టీ, అంటే 36,000. మొత్తం 2,36,000 చేతిలో పెట్టాడు. ఆ 36 వేలు ఎవరివి? మీ నాన్న సంపాదన కాదు. నీది అసలే కాదు. మీరు కొన్నప్పుడు కట్టిన పన్ను పోను మిగతాది సర్కారుకు కడతారనే నమ్మకంతో అతను ఇచ్చిన డబ్బు. నువ్వు 11వ తేదీలోపు అమ్మకాల రిటర్న్ జీఎస్టీఆర్-1 వేయకపోతే, 14న పోర్టల్‌లో తయారయ్యే అతని కొనుగోళ్ల జాబితా 2బీలో మీ బిల్లు కనపడదు. కనపడకపోతే ఆ 36 వేల క్రెడిట్ అతనికి రాదు, తన పన్నుకు మళ్లీ జేబులోంచి తీయాలి. ఆ ఫోన్ ఎందుకొచ్చిందో ఇప్పుడు అర్థమైందా? నువ్వు ఎదిరించింది ప్రభుత్వాన్ని. చిల్లు పడింది కాంట్రాక్టర్ జేబుకు. దొంగతనం తప్పని నమ్మేవాడు మొదట తేల్చుకోవాల్సిన లెక్క ఇది.

రెండోది, జీఎస్టీ రిజిస్ట్రేషన్ మీ నాన్న పేరు మీద ఉంటుంది. వసూలు చేసిన పన్ను మూడు నెలలు దాటినా కట్టకపోతే చట్టం దాన్ని ప్రత్యేకంగా నేరాల్లో చేర్చింది. దానికి జరిమానా పన్నంత, లేదా 10,000, ఏది ఎక్కువైతే అది. నోటీసు ఆయన పేరున వస్తుంది. సిద్ధాంతం నీది, సంతకం ఆయనది!

తన పన్ను తానే ఆపి, ఆ దెబ్బేదో తానే తిన్నవాళ్ల సంగతి వేరు. అమెరికాలో రచయిత థోరో తలపన్ను కట్టనన్నాడు. బానిసత్వాన్ని కాపాడుతూ, మెక్సికో మీద యుద్ధం చేస్తున్న ప్రభుత్వానికి తన డబ్బు ఇవ్వనన్నాడు. 1846 జులైలో ఒక రాత్రి జైల్లో పెట్టారు. ఇంకెవరో ఆ పన్ను కట్టేయడంతో మర్నాడు వదిలేశారు. ఆయన పేరు చెప్పి వాదించేవాళ్లు ఒక ముక్క మింగేస్తారు. రోడ్డు పన్ను మాత్రం ఎప్పుడూ ఎగ్గొట్టలేదని, మంచి పొరుగువాడిగా ఉండాలన్నది తన కోరికని థోరోనే రాసుకున్నాడు.

అంత దూరం దేనికి, మనకు మేడారం ఉంది. కరువులో కప్పం కట్టలేనన్న పగిడిద్దరాజు మీదికి ప్రతాపరుద్రుడు సేనను పంపాడనీ, సమ్మక్క, సారలమ్మ, నాగులమ్మ, గోవిందరాజు పోరాడారనీ, జంపన్న సంపెంగ వాగులో ప్రాణం విడిచాడనీ చిన్నప్పటి నుంచి వింటున్నాం. రెండేళ్లకోసారి ఆ జంపన్న వాగులో మునిగి, నెత్తిన బంగారం పెట్టుకుని గద్దెల దాకా నడుస్తాం. బంగారమంటే మన దగ్గర బెల్లమే కదా. కప్పం కట్టనన్నవాళ్లను దేవతలుగా కొలుచుకునే నేల ఇది. పన్ను నిరాకరించడం ఎప్పుడైనా పాపమేనని నీకు ఎవరు చెప్పినా నమ్మకు, నేను చెప్పినా సరే. కానీ పగిడిద్దరాజు దగ్గర పంట లేదు. మీ గల్లాలో కాంట్రాక్టర్ డబ్బుంది.

ఇంకో చిక్కు. పన్ను దోపిడీయే అనుకుందాం. కత్తి చూపిస్తే పర్సు తీసి ఇచ్చినవాడు తప్పు చేసినట్టా? తప్పు కత్తి పట్టినవాడిది. మరి "కట్టడం కూడా తప్పే" అన్న మాట ఎక్కడి నుంచి వచ్చింది? నిరాకరించే హక్కు ఉందని నువ్వు వాదించొచ్చు. నిరాకరించి తీరాలని నీ సిద్ధాంతం కూడా చెప్పదు. పైగా మీ వాళ్లందరిదీ ఒకే మాట కాదు. పోలీసు, కోర్టుల మేరకు రాజ్యం ఉండాలన్నాడు నోజిక్. భూమి విలువ మీద వేసే పన్ను ఉన్నవాటిలో తక్కువ చెడ్డదన్నాడు మిల్టన్ ఫ్రీడ్‌మన్. పన్నంటే దొంగతనమని గట్టిగా అన్నది రోత్‌బార్డ్. ఈ ముగ్గురి మధ్య తేడా ఏమిటో ఒక పేజీలో రాసి నాకు పంపు. కాలేజీ మార్కుల కంటే ఆ పేజీయే నీ గురించి నాకు ఎక్కువ చెప్తుంది.

నవ్వుకోకు, ఒక మాట చెప్తాను. రేపు నెలకు 50 వేల ఉద్యోగం వచ్చిందనుకో. 2025-26 నుంచి కొత్త విధానంలో జీతం మీద ఏడాదికి 12.75 లక్షల దాకా ఆదాయపు పన్ను లేదు. జీతంలోంచి నేరుగా పోయే పన్నంతా కలిపి నెలకు 200 రూపాయల వృత్తి పన్ను. అది కూడా కంపెనీయే కోసుకుని మిగతాది నీకిస్తుంది. నిరాకరిద్దామన్నా అవకాశం రాదు. మన దేశంలో 1973-74లో ఆదాయపు పన్ను పై రేటు సర్‌ఛార్జీతో కలిపి 97.75 శాతం. రాజాజీ, ఎన్.జి. రంగా పెట్టిన స్వతంత్ర పార్టీ, ఏ వ్యాపారానికైనా సర్కారు అనుమతి కావాల్సిన లైసెన్సు రాజ్యం మీద అంత కోపంగా ఎందుకు మాట్లాడిందో ఆ రోజుల బడ్జెట్లు చదివితే తెలుస్తుంది. రేట్లు తగ్గింది ఎవరో రిటర్న్ మానేసినందుకు కాదు. లెక్కలు చూపించి, వాదించి, చట్టం మార్పించినందుకు.

కెరీర్ ప్రశ్నకు నా జవాబు కూడా అక్కడే ఉంది. 1244లో కాకతీయ రాజు గణపతిదేవుడు మోటుపల్లి రేవులో ఒక అభయశాసనం వేయించాడు. తుఫానుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును అంతకుముందు రాజులు మొత్తంగా లాక్కునేవాళ్లు. ఇకమీదట ముప్పైలో ఒక వంతు సుంకం తప్ప ఏమీ తీసుకోనని రాయి మీద రాసిచ్చాడు. మేడారం కథలో కప్పం కోసం సేనను పంపిందీ ఆ వంశం రాజే అనుకో. ఇవాళ ఆ రాయి స్థానంలో రాజ్యాంగం 265వ అధికరణం ఉంది. చట్టం అనుమతి లేకుండా ఏ పన్నూ వేయకూడదు, వసూలు చేయకూడదు. దాన్ని పట్టుకుని వాదించి బతికేవాళ్లను ట్యాక్స్ లాయర్లంటారు. సముద్ర రవాణా ఛార్జీల మీద దిగుమతిదారులతో కట్టిస్తున్న జీఎస్టీ చెల్లదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు తీర్పు తెచ్చుకుని చదువు. నిద్ర వస్తే ఈ దారి నీది కాదు. రాకపోతే లా ప్రవేశ పరీక్ష లాసెట్ రాసి మూడేళ్ల ఎల్ఎల్‌బీలో చేరు. హన్మకొండలోనే కాకతీయ యూనివర్సిటీ లా కాలేజీ ఉంది. జీఎస్టీ 2017లో వస్తే దాని అప్పీళ్లు వినే అప్పిలేట్ ట్రిబ్యునల్ 2025లో గాని మొదలవలేదు. పేరుకుపోయిన వివాదాలు బోలెడు, బిల్లు చేత్తో పట్టుకుని చూసిన లాయర్లు కావాలి. రెండేళ్లుగా నువ్వు చేస్తున్నది ఆ పనే.

బీకాంలో 55 శాతం వస్తే సీఏ ఫౌండేషన్ రాయకుండా నేరుగా ఇంటర్మీడియట్‌లో చేరొచ్చు. నీకది రెండో దారి. ఎకనామిక్స్ ఎంఏ మూడోది, సెంట్రల్ యూనివర్సిటీలకైతే సీయూఈటీ పీజీ ప్రవేశ పరీక్ష రాయాలి. ఢిల్లీ మీద మోజుంటే డిగ్రీ అయ్యాక, చట్టాల మీద పరిశోధన చేసే పీఆర్ఎస్ సంస్థ వాళ్ల ల్యాంప్ ఫెలోషిప్ చూడు, దాదాపు ఏడాది పాటు ఒక ఎంపీ దగ్గర పనిచేయిస్తారు. నీ పాత పట్టుదలలు సగం అక్కడే వదిలేసి వస్తావని నా అనుమానం. లాయర్‌కైనా సీఏకైనా జైలుశిక్ష పడితే వృత్తి లైసెన్సుకే ఎసరు రావచ్చు. ఆ వీరోచితాలు ఈ రెండు వృత్తుల్లో పనికిరావు.

అన్నా, ఇప్పుడు మీరు. సీజీఎల్ మంచి ఉద్యోగమే, కాదనను. కానీ పన్ను దోపిడీ అని నమ్మేవాడిని పన్ను వసూలు చేసే కుర్చీలో ముప్పై ఏళ్లు కూర్చోబెట్టాలనుకోవడం మీ తప్పు. ఇందులో అబ్బాయి తప్పు లేదు. అన్నం దగ్గర ఆ మాట ఎత్తకండి. పదిమందిలో "వీడికి పిచ్చి పట్టింది" అనకండి.

ఆ కాంట్రాక్టర్‌కి మాత్రం అబ్బాయితోనే ఫోన్ చేయించండి. బిల్లు ఎందుకు కనపడలేదో, ఏ నెల 2బీలో వస్తుందో తనే చెప్పాలి. శనివారం సాయంత్రం నాలుగింటికి ఇద్దరూ రండి. పోయిన నెల బిల్లు పుస్తకం తెచ్చుకోండి. ఆ పేజీ రాసి ఉంటే అది కూడా.