అమ్మాయి బడిలో గైడ్స్ లేకపోతే...

మీ పదకొండేళ్ల పాప స్కౌట్స్ అండ్ గైడ్స్‌లో చేరతానంటోంది, బడిలో మగపిల్లల స్కౌట్ దళమే ఉంది, క్యాంపులంటే భయం అన్నారు కదా. కంగారు వద్దండీ. భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌లో పదేళ్లు నిండిన ఆడపిల్లలకు గైడ్ విభాగం వేరే ఉంది. నడిపేది గైడ్ కెప్టెన్, ఆవిడ మహిళే. ముందు హెడ్‌మాస్టర్‌గారిని కలిసి, ఒక టీచరమ్మను గైడ్ కెప్టెన్ శిక్షణకు పంపమని అడగండి. కుదరదంటే జిల్లా స్కౌట్స్ అండ్ గైడ్స్ సంఘంలో ఓపెన్ యూనిట్ల (బడితో ముడిపడని దళాల) గురించి వాకబు చేయండి.

క్యాంపుకి సంతకం పెట్టేముందు మాత్రం మొహమాటపడకండి. రాత్రి పిల్లల దగ్గర పడుకునే మహిళలెవరు? బాత్‌రూములకు లోపల గడియ ఉందా? నెలసరి వస్తే ఎవరికి చెప్పుకోవాలి? ఇవి అడిగితే విసుక్కునే చోటికి నేనైతే పంపను. యూనిఫాం సంగతి తర్వాత, ముందు రెండు మీటింగులకు వెళ్లి చూడనివ్వండి.