కణాల్లో పనిచేసిన మందును నేరుగా మనుషులకు ఎందుకు ఇవ్వరు?

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చేసి జీనోమ్ వ్యాలీలో ఒక ల్యాబ్‌లో చేరింది. సీసీఆర్5 అనే రిసెప్టర్ ఎక్కించిన కణాలు పెంచి, వాటి మీద మందులు పరీక్షిస్తారట. రక్తకణాలు ఉండగా వీటిని పనిగట్టుకుని తయారు చేయడం ఎందుకు? అక్కడ పనిచేస్తే రోగులకు ఇచ్చేయొచ్చు కదా? హెచ్‌ఐవీకి సంబంధించిన పని అంటోంది, పిల్లకి ప్రమాదం లేదు కదా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: ముందు మీ టెన్షన్ సంగతి చూద్దామమ్మా. రిసెప్టర్ ఉన్నంత మాత్రాన ఆ కణాల్లో హెచ్‌ఐవీ ఉన్నట్టు కాదు. రిసెప్టర్ అంటే కణం పైపొరలో ఉండే ప్రోటీన్, అంతే. వైరస్‌తో చేసే పరీక్షలు వేరే ఉన్నాయి, వాటిలోనూ చాలావరకు ఒక్కసారి కణంలోకి దూరి ఇక పెరగలేని సూడోవైరస్‌నే వాడతారు. తను చేసేది ఏ పరీక్షో అమ్మాయినే అడగండి, సంతోషంగా చెబుతుంది.

ఇక కీమోకైన్లంటే, దెబ్బ తగిలిన చోటికి, ఇన్‌ఫెక్షన్ ఉన్న చోటికి తెల్లరక్తకణాలను రప్పించే చిన్న ప్రోటీన్లు. ఆ పిలుపు అందుకునేవే సీసీఆర్5, సీఎక్స్‌సీఆర్4 లాంటి రిసెప్టర్లు. హెచ్‌ఐవీ తెల్లకణం మీదుండే సీడీ4 అనే ఇంకో ప్రోటీన్‌తో పాటు ఈ రెండింట్లో ఒకదాన్ని పట్టుకునే లోపలికి వెళుతుందని 1996లో తేలింది. అదే ఏడాది, సీసీఆర్5 జన్యువు రెండు కాపీల్లోనూ 32 డీఎన్‌ఏ అక్షరాల ముక్క లేనివాళ్లకు హెచ్‌ఐవీ దాదాపు సోకదని కూడా బయటపడింది. దాంతో దాన్ని మూసే మందు కోసం కంపెనీలు పోటీపడ్డాయి.

రక్తకణంతో వచ్చిన చిక్కేమిటంటే దాని మీద ఇలాంటి రిసెప్టర్లు చాలా ఉంటాయి, పైగా రాంటెస్ అనే ఒక్క కీమోకైనే సీసీఆర్1కి, 3కి, 5కి కూడా అతుక్కుంటుంది, అందుకని సిగ్నల్ తగ్గితే మందు దేన్ని ఆపిందో చెప్పలేం. దాత మారితే ఫలితమూ మారుతుంది. అందుకే 1973లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో తయారై, ల్యాబ్‌లో పెరుగుతూనే ఉండే హెక్293 అనే మనిషి కణాల్లాంటి వాటిలోకి సీసీఆర్5 జన్యువుతో పాటు యాంటీబయాటిక్‌ని తట్టుకునే జన్యువునూ ఎక్కించి, ఆ యాంటీబయాటిక్ పోసి, జన్యువు నిలబడ్డ వాటినే బతకనిచ్చి, ఒకే కణం నుంచి పంట పెంచుతారు. రిసెప్టర్‌కి పిలుపు అందిందో లేదో కణం లోపల కాల్షియం పెరగడాన్ని బట్టి చూస్తారు, కానీ సీసీఆర్5 మామూలుగా దాన్ని పెద్దగా పెంచదు, కాబట్టి జీఆల్ఫా16 అనే ఇంకో ప్రోటీన్‌ని కూడా చాలాచోట్ల జత చేస్తారు.

తర్వాత 384 గుంటల ప్లేటులో కణాలు, కాల్షియం తగిలితే వెలిగే రంగు, మందు వేసి చివరగా కీమోకైన్ వదులుతారు. మందు లేని గుంట సెకన్లలో వెలుగుతుంది, మందు పట్టుకున్న గుంట అలాగే మసకగా ఉండిపోతుంది. నా దృష్టిలో అసలు కీలకం పక్కనే పెట్టే, రిసెప్టర్ ఎక్కించని మామూలు హెక్ కణాలు. వేరే మార్గంలో కాల్షియం పెంచినప్పుడు వాటిలోనూ వెలుగు తగ్గిందంటే మందు కణాలనే చంపుతోందేమో, రంగునే చెడగొడుతోందేమో అని అనుమానించాలి. సీఎక్స్‌సీఆర్4 విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి, ఎందుకంటే హెక్ కణాల్లో అది పుట్టుకతోనే కొద్దిగా ఉంటుంది.

రోగులకు నేరుగా ఎందుకు ఇవ్వరంటే, ఆ కణం మనం అడిగిన ఒక్క ప్రశ్నకే జవాబు చెబుతుంది. గ్లాక్సో వాళ్ల అప్లావిరాక్ సీసీఆర్5ని చక్కగా మూసేది, కానీ రోగుల్లో కాలేయం దెబ్బతినడంతో 2005లో ట్రయల్స్ ఆపేశారు. ప్లేటులో కాలేయం లేదు కదా! సీసీఆర్5నే మూసే ఫైజర్ వాళ్ల మారవిరాక్ 2007లో అమెరికాలో అనుమతి పొందింది, కానీ దాని తొలి రూపాలు గుండెలోని హెర్గ్ అనే పొటాషియం ఛానల్‌కి కూడా అతుక్కునేవి, ఆ గుణం పోయేదాకా అణువును మార్చుకుంటూ వచ్చారు.

ఒక్కోసారి మంచి కూడా మనిషిలోనే బయటపడుతుంది. సీఎక్స్‌సీఆర్4ని మూసే ప్లెరిక్సాఫర్‌ని హెచ్‌ఐవీ మందుగానే మొదలుపెట్టారు. ఆరోగ్యంగా ఉన్న వాలంటీర్లకు ఇస్తే రక్తంలో తెల్లకణాలు పెరిగాయి, మూలకణాలు (స్టెమ్ సెల్స్) ఎముక మజ్జ వదిలి రక్తంలోకి వస్తున్నాయని తర్వాత తెలిసింది. లింఫోమా, మైలోమా అనే రక్త క్యాన్సర్ల రోగుల్లో మూలకణాలు సేకరించడానికి 2008లో దానికి అనుమతి వచ్చింది.