'ట' అనే అక్షరానికి ఇంగ్లీషులో ఎన్ని మాటలో

విజయనగరం

చిరంజీవి తమ్ముడికి,

శ్రీకాకుళం జిల్లా గురించి నువ్వు ఇంగ్లీషులో రాసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. తిరిగిన ఊళ్లు, పోగుచేసిన సంగతులు బాగున్నాయి. దిద్దాల్సింది ఒక్కటే, ఏ సంగతి ఎవరి నోట వచ్చిందో చెప్పే మాటలు. పేజీకి మూడు నాలుగుసార్లు 'అకార్డింగ్ టు' వచ్చింది. అది లేనిచోట 'ఇట్ సీమ్స్' వచ్చింది. చాలాచోట్ల ఈ రెండింటితోనే బండి లాగేశావు.

తెలుగులో మనకు ఈ ఇబ్బంది తెలియదు. "వంశధారకి వరదొచ్చింది" అంటే ఆ మాటకు పూచీ మనది. "వరదొచ్చిందట" అంటే ఎవరో చెప్పగా విన్నాం, పూచీ వాళ్లది. ఒక్క 'ట'తో పని అయిపోతుంది. ఇంగ్లీషు క్రియకు అలాంటి తోక లేదు. అందుకే మనవాళ్లు వాక్యం చివర 'ఇట్ సీమ్స్' తగిలిస్తారు. 'హి ఈజ్ గెటింగ్ మ్యారీడ్, ఇట్ సీమ్స్' అంటే విజయనగరంలో ఎవరికైనా అర్థమవుతుంది, బయటి పాఠకుడికి మాత్రం అర్థం మారిపోతుంది. ఆ మాట వాళ్లకు వినికిడిని చెప్పదు, ఆనవాళ్లు చూసి కట్టిన ఊహను చెబుతుంది. వాకిట్లో పందిరి చూసి పెళ్లి కాబోలు అనుకుంటే 'ఇట్ సీమ్స్' సరే. పక్కింటి పిన్నిగారు చెబితే 'ఐ హియర్'. ఊరంతా అనుకుంటుంటే 'పీపుల్ సే'. ఎక్కడో వార్తగా వచ్చిందంటే 'రిపోర్టెడ్లీ', ఆ పత్రిక పేరు తెలిస్తే మాత్రం పేరే రాయాలి. 'అపారెంట్లీ' వినికిడికీ ఊహకీ రెండింటికీ నడుస్తుంది, మన 'ట'కి దగ్గరి చుట్టం అదే. 'సపోజెడ్లీ' జోలికి ఊరికే వెళ్లకు. అది రాస్తే నువ్వు ఆ మాట నమ్మడం లేదని చదువరికి చెప్పినట్టే.

ఇక 'అకార్డింగ్ టు'. ఇది ఎప్పుడూ రెండో మనిషి మాటకో, కాగితానికో, లెక్కకో. 'అకార్డింగ్ టు మీ' అని నువ్వు రెండు చోట్ల రాశావు. "నా ప్రకారం" అనే అలవాటు నుంచి వచ్చిన మాట అది. ఇంగ్లీషులో ఎవరూ తమ మాటకు తామే సాక్షి కారు, 'ఇన్ మై వ్యూ' అనో 'ఐ థింక్' అనో రాయి. 'అకార్డింగ్ టు హిజ్ ఒపీనియన్' కూడా కుదరదు, 'ఇన్ హిజ్ ఒపీనియన్' చాలు. 'అకార్డింగ్ టు ద డాక్టర్' తరువాత కామా పెట్టి నేరుగా సంగతిలోకి వెళ్లాలి. 'దట్' రాదు, 'హి సెడ్' రాదు. చెప్పినవాణ్ణి ఒకే వాక్యంలో రెండుసార్లు చెప్పక్కర్లేదు.

'యాజ్ పర్' మన ఆఫీసు కాగితాల్లోంచి వస్తుంది. రూలు ప్రకారం, షెడ్యూలు ప్రకారం అన్నప్పుడు నడుస్తుంది. మనుషులకి తగిలించకు.

'అకార్డింగ్ టు'కి ఇంకో గుణం ఉంది. అందరికీ తెలిసిన నిజానికి తగిలిస్తే లేని అనుమానం పుట్టిస్తుంది. గిడుగు రామమూర్తిగారు 1863లో పర్వతాలపేటలో పుట్టారు. దాన్ని నువ్వు 'అకార్డింగ్ టు సోర్సెస్' అని మొదలుపెట్టావు. ఆ సంగతి తేలలేదేమో అనుకుంటాడు చదివేవాడు. సూటిగా రాసెయ్యి. పొందూరు ఖద్దరు దగ్గరా ఇదే తప్పు. పత్తి శుభ్రం చెయ్యడానికి వాలుగ చేప దవడ వాడతారని 'అకార్డింగ్ టు ద వీవర్స్' రాశావు. నువ్వు ఆ ఇంటి అరుగు మీద కూర్చుని, దవడ పళ్లతో పత్తి దువ్వుతుంటే చూశావు కదా! చూసినదానికి ఇంకొకరి పూచీ ఎందుకు? 'షి కోంబ్స్ ద కాటన్ విత్ ద జా ఆఫ్ ఎ ఫిష్' అని రాస్తే దృశ్యం కళ్లకు కడుతుంది. ఆ చేపే ఎందుకు, వేరే చేప ఎందుకు కాదు అన్నదానికి ఆవిడ చెప్పిన కారణం మాత్రం ఆవిడది. అక్కడ 'షి సేస్' రావాలి. చూసింది ఒక వాక్యం, విన్నది ఇంకో వాక్యం, మధ్యలో చుక్క.

అరసవల్లి పేరా కూడా ఇలాగే విడగొట్టు. మార్చిలోనూ అక్టోబరులోనూ కొన్ని రోజులు తెల్లవారి ఎండ మూలవిరాట్టు పాదాల మీద పడుతుంది. అది కళ్లతో చూసే సంగతి, నేరుగా చెప్పు. ఇంద్రుడు ప్రతిష్ఠించాడన్నది స్థలపురాణం. దానికి 'ట్రెడిషన్ హోల్డ్స్' అనో 'ద టెంపుల్ లెజెండ్ సేస్' అనో గౌరవంగా రాయొచ్చు. రెండింటినీ ఒకే 'అకార్డింగ్ టు' కింద కట్టేస్తే పురాణం చరిత్ర అయిపోతుంది, ఎండ పురాణం అయిపోతుంది.

బొబ్బిలి యుద్ధానికి, అంటే 1757 జనవరి సంగతికి, నువ్వు రాబర్ట్ ఓర్మ్ అనే ఇంగ్లీషువాడు రాసిన చరిత్రను తెచ్చుకున్నావు. మంచి పనే. కానీ 'యాజ్ ఓర్మ్ సేస్' అన్నావు. 'యాజ్' అన్నాక ఆయన మాటతో నువ్వూ ఏకీభవించినట్టే. ఆయన అప్పుడు మద్రాసులో కంపెనీ కొలువులో ఉన్నాడు, కోటలో లేడు. కాబట్టి 'ఇన్ ఓర్మ్స్ అకౌంట్' అని రాస్తే అది ఆయన విన్న కథనమని ధ్వనిస్తుంది. చనిపోయిన రచయితైనా పుస్తకం ఇప్పటికీ చెబుతూనే ఉంటుంది గనక 'ఓర్మ్ రైట్స్' అని వర్తమానంలో రాయొచ్చు. మొన్న నీతో మాట్లాడిన మనిషికైతే 'సెడ్'.

ఈ 'సెడ్' గురించి కాస్త నిలబడి చెప్పాలి. మన "చెప్పాడు" ఒక్కటే, ఇంగ్లీషులో 'సెడ్', 'టోల్డ్' రెండు. 'హి టోల్డ్ దట్' తప్పు. టోల్డ్ వెంటనే ఎవరికి చెప్పాడో రావాలి, 'హి టోల్డ్ మీ దట్'. 'ఇన్‌ఫార్మ్‌డ్' కూడా అంతే. మాట మళ్లీ మళ్లీ రాకూడదని మనకు బళ్లో నేర్పిన పాఠం వల్ల నువ్వు సెడ్ బదులు 'క్లెయిమ్డ్', 'అడ్మిటెడ్', 'ఒపైన్డ్' మార్చి మార్చి వేశావు. క్లెయిమ్డ్ అంటే అతను అంటున్నాడుగానీ నాకు నమ్మకం లేదన్న వాసన ఉంటుంది. అడ్మిటెడ్ అంటే ఏదో తప్పు ఒప్పుకున్నట్టు. పాపం ఆ జీడిపప్పు బట్టీ కూలీ తన వయసు చెబితే 'అడ్మిటెడ్' అని రాశావు! 'పాయింటెడ్ ఔట్' అంటే ఆ మాట నిజమేనని నువ్వు ఒప్పుకున్నట్టు. ఇంగ్లీషు పాఠకుడి కంటికి సెడ్ ఎన్నిసార్లు వచ్చినా అడ్డు తగలదు. దాన్నే వాడు.

ఇప్పుడు అసలు చోటు, ఉద్దానం పేరా. నువ్వు రాసింది తెలుగులో చెబితే, "బోరు నీళ్ల వల్ల కిడ్నీలు పాడవుతున్నాయి". 'కాజెస్' అన్న క్రియ, పక్కన ఎవరి పేరూ లేదు. ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు ఇన్నేళ్లుగా జనం బాధపడుతున్న ఆ జబ్బుకి అసలు కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. తేలనిదాన్ని తేలినట్టు రాస్తే ఆ ఊళ్లో బోరు నీళ్లు తాగే ఇల్లాలికీ, చదివే డాక్టరుకీ ఇద్దరికీ అన్యాయం. ఆ ఒక్క వాక్యాన్ని ఎన్ని రకాలుగా మార్చొచ్చో చూడు. ఊరివాళ్లు నీళ్లను తప్పుపడుతున్నారు అనాలంటే 'విలేజర్స్ బ్లేమ్ ద వాటర్'. వాళ్ల నమ్మకం అనాలంటే 'బిలీవ్'. డాక్టరు నీళ్లను అనుమానిస్తున్నారంటే 'సస్పెక్ట్స్'. ఒక అధ్యయనం జబ్బుకీ నీటికీ సంబంధం చూపిందంటే 'లింక్డ్', కానీ సంబంధం కారణం కాదు, కాబట్టి పక్కనే ఏ అధ్యయనమో, ఎవరు చేశారో చెప్పాలి. 'ఎట్రిబ్యూట్' వాడితే వరస మరిచిపోకు. ముందు జబ్బు, తరువాత 'టు', ఆ తరువాత కారణం. ఇంకో వాక్యంలో నువ్వు తిరగేశావు, దాంతో జబ్బు వల్ల నీళ్లు పాడైనట్టు వచ్చింది. 'ఈజ్ ఎట్రిబ్యూటెడ్ టు' అని కర్మణిలో రాస్తే వాక్యం పెద్దమనిషిలా కనిపిస్తుంది, ఎవరు అన్నారో మాత్రం మాయమవుతుంది. ఎవరో తెలిస్తే పేరు రాయి, తెలియకపోతే ఆ వాక్యమే వద్దు.

ఎవరైనా తప్పు చేశారన్న ఆరోపణ ఉన్నచోటే 'అలెజెడ్లీ'. ఆ మాట వేసినంత మాత్రాన రాసినవాడి బాధ్యత తీరదు. పరువు తీసే మాటను మళ్లీ అచ్చేసినా అచ్చేసినట్టే లెక్క.

కొటేషన్ గుర్తుల సంగతి ఒకటి మిగిలింది. కవిటి తాత తెలుగులో, ఆ ఊరి యాసలో మాట్లాడాడు. గుర్తుల మధ్య నువ్వు పెట్టిన ఇంగ్లీషు నీది. వ్యాసంలో ఒకచోట, సంభాషణలు తెలుగులో జరిగాయని, అనువాదం నీదని రాసేయి. ఆయన అనని గొప్ప మాట ఆయన నోట పెట్టకు. నోటుపుస్తకంలో ఎవరు, ఏ ఊరు, ఏ రోజు అన్నాక నాలుగో గడి ఒకటి గీసుకో: చూశాడా, విన్నాడా. మనిషి మాటలో 'ట' వినిపించగానే ఆ గడిలో 'విన్నాడు' అని వేసి, "మీకెవరు చెప్పారు బాబూ?" అని అక్కడే అడుగు. ఊరు దాటాక అడగలేం.

నీ మూడో పేజీలో నర్సమ్మ చెప్పిన డయాలసిస్ లెక్కకి ఆ గడి ఖాళీగా ఉంది. రిజిస్టరులో చూసి చెప్పిందో, తోటివాళ్లు అంటే విని చెప్పిందో మళ్లీ ఫోన్ చేసి కనుక్కో. రిజిస్టరైతే 'అకార్డింగ్ టు ద రిజిస్టర్' అని, తేదీతో రాయి. విన్నదైతే ఆ అంకె తీసేసి పంపు, వెంటనే చదువుతాను.

ఆశీస్సులతో,
అన్నయ్య