చందా పుస్తకం మూయకు

చిరంజీవి అమ్మాయికి,

బాబాయి ఆశీస్సులు. బెజవాడ సింగ్‌నగర్ కుర్రాళ్లతో కలిసి సొసైటీ పెడుతున్నావని, ఒక పెద్ద కంపెనీ సీఎస్ఆర్ డబ్బు, అంటే చట్టప్రకారం సేవకు తీసిపెట్టే సొమ్ము, ఇస్తానంటోందని రాశావు. సంతోషం. సంతకం పెట్టే ముందు ఇది చదువు.

ఇన్నేళ్లు స్వచ్ఛంద సంస్థల లెక్కలు రాశాను. ‘ఈ పోరాటం మానేయండి’ అన్న దాత ఒక్కరూ నాకు తగల్లేదు. ఆ పని దరఖాస్తు ఫారం చేసిపెడుతుంది. అందులో ‘లబ్ధిదారుల సంఖ్య’ అని ఒక గడి ఉంటుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు ముంచెత్తినప్పుడు మీరు పంచిన బియ్యం సంచులు ఆ గడిలో చక్కగా ఇముడుతాయి. మరి ఆ వాగు ఆక్రమణల మీద కలెక్టరేట్ చుట్టూ, కోర్టు చుట్టూ తిరిగిన తిరుగుడు ఎక్కడ రాస్తావు? రాసే చోటు లేక ఈ ఏడు దాన్ని వెనక్కి నెడతావు, పై ఏడు ఆ పని చూసే మనిషికి జీతం ఉండదు. చివరికి మీది సంచులు పంచే సంస్థ అవుతుంది.

కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం 2014 ఏప్రిల్ నుంచి పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సేవకు ఖర్చు పెట్టాలి. ఏయే పనులకో ఏడో షెడ్యూలు చెబుతుంది. అందులో ఏది, ఏ ఊళ్లో అన్నది బోర్డు తేలుస్తుంది, మీ వీధి కాదు. పైగా మూడేళ్ల అనుభవం, ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ, 80జీ అనే నమోదులూ కావాలి కాబట్టి కొత్తవాళ్లు ఏదో పెద్ద సంస్థ నీడన చేరాలి. అప్పుడు దాత ఇష్టానికీ, ఆ సంస్థ భయానికీ కూడా తలొగ్గాలి.

దాతలు మంచివాళ్లైనా ఇంతే. 1920లలో అమెరికాలో నల్లజాతి హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీ మూకహత్యల మీద పోరాడుతుండగా, గార్లండ్ ఫండ్ అనే దాతృత్వ నిధి సొమ్ము దాన్ని బడుల్లో నల్లపిల్లలను వేరు పెట్టడం మీది కేసుల వైపు మళ్లించిందని వాదించే పరిశోధకులున్నారు. ఆ కేసులు 1954లో గెలిచాయి, కాదనను. ఏది ముందో ఎవరు తేల్చారన్నదే నా పేచీ.

షావుకారు డబ్బు ముట్టొద్దని కాదు. 1921లో మన బెజవాడలోనే సమావేశమైన ఏఐసీసీ (అఖిల భారత కాంగ్రెస్ కమిటీ) తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు పోగుచేయాలని తీర్మానించింది. బొంబాయి ధనవంతులూ దండిగా ఇచ్చారు. కానీ ఆ కోటి రూపాయలతో పాటే కోటి మంది సభ్యులనూ చేర్చాలన్నారు, చూశావా!

కాబట్టి పడవలకు, వైద్య శిబిరాలకు కంపెనీ సొమ్ము తీసుకో. కోర్టు ఖర్చూ, అర్జీలు పట్టుకు తిరిగే మనిషి జీతమూ వీధి చందాలతోనే నడుపు. ఇంటికి ఇరవై రూపాయలైనా సరే, రసీదు చింపి ఇవ్వు. చందా ఇచ్చినావిడ ‘మా కాలవ సంగతి ఏమైంది?’ అని గుమ్మంలోనే నిలదీస్తుంది. నిలదీయనీ.

ఒప్పందం నకలు పంపు. బడ్జెట్ పేజీ ముందు చూస్తాను.

మీ బాబాయి