రియోహా వైన్: క్రియాన్సా, రెసెర్వా, గ్రాన్ రెసెర్వా... ఏది కొనాలి?

స్పెయిన్ నుంచి వచ్చేటప్పుడు రియోహా (ఉత్తర స్పెయిన్‌లోని ద్రాక్షతోటల ప్రాంతం) రెడ్ వైన్ తెచ్చుకోవాలి, మూడు రకాలు కనిపిస్తున్నాయి, ఖరీదు ఎక్కువున్నదే మంచిదా అని అడిగారు. మొదటిసారి తాగేవాళ్లయితే క్రియాన్సా తీసుకోండి. నేను మూడేళ్లు బిల్బావోలో ఉద్యోగం చేశాను, ఆ ఊరి నుంచి రియోహా తోటలకి కారులో గంటన్నర కూడా పట్టదు, సెలవు దొరికితే అటే వెళ్లేవాళ్లం.

సీసా మీద ఉండే ఆ మాటలు నాణ్యతకి వేసిన మార్కులు కావు, వయసు లెక్క. క్రియాన్సా అంటే కనీసం 2 ఏళ్లు నిలవ ఉంచింది, అందులో ఏడాదైనా ఓక్ చెక్క పీపాలో ఉండాలి. రెసెర్వాకి 3 ఏళ్లు. గ్రాన్ రెసెర్వాకి 5, అందులో 2 పీపాలోనే. వయసు పెరిగేకొద్దీ పండు రుచి వెనక్కి తగ్గి తోలు, ఎండుటాకు లాంటి వాసనలు వస్తాయి, అవి అందరికీ మొదట్లోనే నచ్చవు. నేను షాపాయన మాట విని మొదటే గ్రాన్ రెసెర్వా కొని, ఇంట్లో మన పద్ధతిలో వండిన కోడికూరతో తాగాను. ఆల్కహాల్ కారాన్ని ఇంకా మండిస్తుంది, నోట్లో మంట తప్ప ఏమీ తెలియలేదు. అన్నేళ్లు ఓపిగ్గా దాచిన వైన్ అలా అయిపోయినందుకు ఇప్పటికీ బాధే.

ఒక సెప్టెంబరు చివర్లో ఆఫీసులో నాతో పనిచేసే అబ్బాయి వాళ్ల నాన్నగారి తోటకి, లగ్వార్దియా అనే ఊరి దగ్గరికి, కోతకి వెళ్లాం. హైదరాబాద్ చుట్టుపక్కల పందిళ్ల కింద వేలాడే అనాబ్-ఎ-షాహి ద్రాక్ష గుత్తులే నాకు తెలుసు. అక్కడ పందిరి లేదు, ఇనుప తీగ లేదు, మోకాలెత్తు మొద్దులు విడివిడిగా నేలలోంచి లేచి ఉన్నాయి, గుత్తి కోయాలంటే నడుం పూర్తిగా వంచాల్సిందే. ఆ ద్రాక్ష పేరు టెంప్రనీయో. తెంప్రానో అంటే స్పానిష్‌లో తొందరగా అని, మిగతా రకాలకంటే ముందే పండుతుంది కాబట్టి ఆ పేరు. పండు తోలు మందం. ఒకటి నొక్కి చూస్తే రసం తెల్లగానే కారింది, రంగంతా తోలులోనే ఉంది, వేళ్లకంటిన ఊదా మరక మర్నాటికీ పోలేదు. ఉత్తరాన కాంతాబ్రియా కొండలు గోడలా నిలబడి సముద్రం మీది చలిగాలిని ఆపుతాయి, కిందుగా ఎబ్రో నది, మధ్యలో ఈ తోటలు. మధ్యాహ్నం ఎండిన ద్రాక్ష కొమ్మలు కుప్పగా కాల్చి ఆ నిప్పుల మీద లేత గొర్రెపిల్ల పక్కటెముకలు కాల్చారు, ఉప్పు తప్ప ఏమీ వేయలేదు. క్రియాన్సాతో తింటే అప్పుడర్థమైంది నాకు ఈ వైన్ దేనికోసం ఉందో.

వీలైతే హారో ఊరు కూడా చూడండి (హెచ్ పలకరు, 'ఆరో' అనాలి). 19వ శతాబ్దంలో ఫ్రాన్స్ తోటల్ని ఫిలోక్సెరా అనే వేరు పురుగు తినేసినప్పుడు అక్కడి బోర్డో ప్రాంతపు వ్యాపారులు వైన్ కోసం ఇటు వచ్చారు. సరుకు రైలెక్కించాలి కాబట్టి పేరున్న వైనరీలు ఆ ఊరి స్టేషన్ చుట్టూనే వెలిశాయి, ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. రియోహాలో వాడే 225 లీటర్ల పీపా కూడా బోర్డో కొలతే.

కొనేటప్పుడు సీసా వెనక రియోహా నియంత్రణ మండలి ముద్ర, నంబరు ఉన్నాయో లేదో చూసుకోండి. మంచి క్రియాన్సా అక్కడి సూపర్ మార్కెట్లో 10 యూరోల లోపే దొరుకుతుంది. మన కస్టమ్స్‌లో ఒక్కొక్కరికి 2 లీటర్ల దాకా సుంకం ఉండదు, అంటే మామూలు సీసాలు రెండు. ఇంటికొచ్చాక మాత్రం మన గది వేడిలో అలాగే పోసుకోకండి, 16–18 డిగ్రీలుండాలి, తాగే ముందు ఓ అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. పక్కన వేపుడు మాంసమో కబాబో పెట్టుకోండి, కారం తక్కువగా.