గోర్ఖా కొండలకు వెళ్తున్న మా బుజ్జమ్మకు

బుజ్జమ్మా,

నువ్వు ఆరు నెలలు నేపాల్ కొండల్లో ఉండి, ఇంటింటికీ తిరిగి ఎవరేం తింటున్నారో రాసుకుంటావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. అదీ గోర్ఖా జిల్లాలో. ఆ పేరు విన్నాక రాత్రి నిద్ర పట్టలేదు. మన ఇంట్లోంచి ఇంకొకరు ఆ దారి పడుతున్నారని గర్వంగా ఉంది. నేను చేసిన తప్పు నువ్వూ చేస్తావేమోనని భయంగానూ ఉంది.

నీళ్లు కాచినవే తాగు. పొద్దున టిఫిన్ ఉంటుందనుకోకు, టీ మాత్రమే. తొమ్మిది, పది మధ్య పూర్తి భోజనం: దాల్, భాత్, తర్కారీ, అంటే పప్పు, అన్నం, కూర, పక్కన కాస్త అచార్. మధ్యాహ్నం ఖాజా అని అటుకులో, వేయించిన మొక్కజొన్నలో పెడతారు. చీకటి పడ్డాక మళ్లీ భాత్. మొదట్లో ఒంటిగంటకల్లా ఆకలేస్తుంది, తర్వాత అలవాటవుతుంది. పప్పు మన పప్పుచారంత పల్చగా ఉంటుంది, చింతపండు ఉండదు. మినప్పప్పుకి జింబూ అనే ఎండు ఆకు నేతిలో వేయించి తాలింపు పెడతారు. ఆ వాసన ఇప్పటికీ నాకు గుర్తుంది. అచార్ అంటే ఊరగాయే అనుకోకు. టమాటా, తిమ్మూర్ అనే మిరియాల్లాంటి దినుసు కలిపి రాతి మీద అప్పటికప్పుడు నూరే పచ్చడి కూడా వాళ్లకి అచారే. తిమ్మూర్‌కి నాలుక తిమ్మిరెక్కితే కంగారుపడకు.

ఎంగిలిని వాళ్లు జూఠో అంటారు. మీ నానమ్మ చేతి కింద పెరిగినదానివి, ఇంకేం చెప్పను? తింటున్న చేత్తో గరిటె ముట్టుకోకు. పిలవకుండా వంటింట్లోకి వెళ్లకు.

ఇక్కడే నా తప్పు మొదలైంది, జాగ్రత్తగా విను. 1984లో, నాకు 26 ఏళ్లప్పుడు, ఆ జిల్లాలో ఒక ఊరి బడిలో లెక్కలు చెప్పడానికి వెళ్లాను. ఒక ఇంట్లో నెలకింతని ఇచ్చి భోజనం చేసేవాణ్ణి. అరుగు మీద పీట వేసి, కంచు పళ్లెంలో వేడన్నం పెట్టేవాళ్లు. కొంచెం తగ్గగానే ఆ ఇంటామె మళ్లీ వడ్డించేది. ‘పుగ్యో’, అంటే చాలు అనే మాట నేర్చుకున్నాను కానీ కడుపు నిండాకే అనేవాణ్ణి. డబ్బిస్తున్నాను కదా అనుకున్నాను.

ఒక రాత్రి టార్చిలైటు మర్చిపోయి వెనక్కి వచ్చాను. తలుపు తెరిచే ఉంది. పొయ్యి చుట్టూ ఆమె, ఇద్దరు పిల్లలు కూర్చున్నారు. బాణలిలో నల్లటి ముద్ద. నన్ను చూసి ఆమె గబుక్కున మూత పెట్టేసింది. అది రాగిపిండి ఢిండో. అక్షరాలా మన సంగటి. కాకపోతే మనలా నూకలు వేయరు, పిండీ నీళ్లే. ఆ బియ్యం కింది లోయలోంచి వీపు మీద మోసుకొచ్చినవి, నా ఒక్కడి కోసం కొన్నవి. చిన్నప్పుడు మన ఊరికి అయ్యవారు వస్తే మా అమ్మ ఆయనకి వరన్నం వండి, మాకు సంగటి పెట్టి, తను ఆఖరున గిన్నె గోక్కుని తినేది. అది చూస్తూ పెరిగిన నేను మూడు నెలలు ఆ ఇంట్లో ఏమీ గమనించలేదు. గమనించాకైనా అప్పుడే నోరు విప్పానా? సిగ్గుతో దశైం, అంటే వాళ్ల దసరా పండగ దాకా అలాగే అన్నం తిన్నాను. ఆ ఆలస్యానికే నాకు ఎక్కువ బాధ.

పండగయ్యాక, మా అమ్మ కూడా ఇదే వండుతుందని వచ్చీ రాని నేపాలీలో చెప్పి ఢిండో అడిగాను. ‘చుట్టాలకి పెట్టేది కాదు’ అంది. రెండోసారి అడిగితే పెట్టింది, గుంద్రుక్ పులుసుతో. ఆవాకు, ముల్లంగాకు వడలబెట్టి, కుండలో కుక్కి పులియబెట్టి, ఎండబెడితే గుంద్రుక్. వాసనకి ముఖం తిప్పుకోకు తల్లీ, ముద్ద ముంచి మింగి చూడు.

నీ పనికి సంబంధించి ఒక మాట. అక్కడ పలకరింపే ‘భాత్ ఖానుభయో?’ అని, మనం ‘అన్నం తిన్నావా’ అన్నట్టు. సంగటి తిన్న మనవాళ్లలాగే ఢిండో తిన్నవాళ్లూ తిన్నామనే అంటారు. ఆ జవాబు విని ‘వరి’ అని రాసేయకు. ఏ పిండి, ఎవరు ఆఖరున తిన్నారు, వాళ్లకేం మిగిలింది అని అడుగు. కోదో అని చెబితే అరికెలని రాయకు, అక్కడ కోదో అంటే రాగులే.

2015 ఏప్రిల్ 25న వచ్చిన భూకంపానికి కేంద్రం గోర్ఖా జిల్లాలోని బార్పాక్ దగ్గరని టీవీలో విన్నప్పుడు ఆ అరుగే కళ్ల ముందు మెదిలింది. వాళ్లు ఎలా ఉన్నారో కనుక్కునే దారి దొరకలేదు. నువ్వు వెతకనక్కర్లేదు, నీ పని నువ్వు చూసుకో.

మీ పెద్దమ్మ ఊరిబిండి పచ్చడి చేసి డబ్బాలో పెడుతోంది. ఢిండోలోకి బాగుంటుంది. నువ్వు దిగే ఇంట్లో, ముందు ఆ ఇంటామెకి పెట్టు.

మీ పెదనాన్న