టెక్ సందేహాలు: మూసా రాజుగారి ఆస్తి ఎవరు లెక్కపెట్టారు?

ప్రశ్న: మా అమ్మాయి కాలిఫోర్నియాలో సెవెన్త్ గ్రేడ్ చదువుతోంది. మధ్యయుగాల పశ్చిమ ఆఫ్రికా మీద ప్రాజెక్టు ఇస్తే మాలీ సామ్రాజ్యం ఎంచుకుంది. ఎక్కడ వెతికినా ‘మన్సా మూసా ఆస్తి 400 బిలియన్ డాలర్లు’ అనే ఉంది (మన్సా అంటే మాలీ రాజు). చార్టు మీద అదే రాస్తే టీచరు పక్కన ‘సోర్స్?’ అని రాసి తిప్పి పంపారు. ఇన్ని సైట్లలో ఉంటే ఇంకా సోర్స్ ఏమిటండీ? – ఒక తల్లి, ఫ్రీమాంట్

జవాబు: ముందు ఆ టీచరుగారికి నా తరఫున ఒక నమస్కారం చెప్పండి. ఆ 400 బిలియన్ల అంకె తోక పట్టుకుని వెనక్కి వెళ్తే, 2012లో సినిమా తారల ఆస్తులు అంచనా కట్టే ఒక వెబ్‌సైట్ దగ్గర తేలుతుంది. పద్నాలుగో శతాబ్దపు రాజు బంగారాన్ని వాళ్లు ఏ కాటాతో తూచారో మరి! దాన్ని చూసి ఒక పత్రిక, ఆ పత్రికను చూసి పది బ్లాగులు, ఆ బ్లాగులను చూసి యూట్యూబ్ వీడియోలు. వంద చోట్ల కనిపించినా సాక్షి మాత్రం ఒక్కడే.

ఈ తోక పట్టుకోవడం పిల్లకు పది నిమిషాల్లో నేర్పొచ్చు. అనుమానం వచ్చిన వాక్యాన్ని డబుల్ కోట్స్ మధ్య పెట్టి వెతకమనండి. వచ్చిన ప్రతి వ్యాసంలోనూ ‘ఈ అంకె ఎక్కడిది?’ అని చూస్తూ, లింకు ఉంటే నొక్కుతూ పోవాలి. గూగుల్ టూల్స్‌లో ‘ఎనీ టైమ్’ అని ఉన్నచోట తేదీల హద్దు పెట్టి, 2012కు ముందు ఆ మాట ఎవరైనా అన్నారా అని చూడొచ్చు. ఒక్కోసారి ఆ తేదీలు తప్పు చూపిస్తాయి, పేజీ తెరిచి సరిచూసుకోవాలి.

మరి అసలు సాక్షులెవరు? మూసా 1324లో మక్కా యాత్రకు వెళ్తూ కైరోలో ఆగాడు. కొన్నేళ్ల తర్వాత అల్ ఉమరీ అనే రచయిత, ఆయన్ని చూసినవాళ్లను అడిగి రాశాడు. అంతకుముందు ఒక మిస్కాల్ (బంగారం తూచే పాతకాలపు తూకం) బంగారం 25 దిర్హాములకు (వెండి నాణేలు) తగ్గేది కాదట. మూసా పరివారం పంచిపెట్టిన బంగారంతో 22కి, ఇంకా కిందకీ పడిపోయింది. పన్నెండేళ్లయినా అలాగే ఉందంటాడు. మీ అమ్మాయి చార్టు మీద రాయాల్సిన అంకె ఇది. బిలియన్లంత మెరుపు లేదు కానీ, ఎవరు చెప్పారో, ఎలా తెలుసుకున్నారో చెప్పుకోవచ్చు. అల్ ఉమరీ మాలీ వెళ్లలేదన్న సంగతి కూడా పక్కన రాస్తే టీచరు మురిసిపోతారు.

వెళ్లి చూసినవాడు మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా. 1352–53లో మాలీ వెళ్లేసరికి మన్సా సులేమాన్ రాజ్యం నడుస్తోంది. రాజుగారి కానుక వస్తోందంటే పట్టుబట్టలో డబ్బో అనుకుని లేచి నిలబడ్డాడు. వచ్చింది మూడు రొట్టెలు, నూనెలో వేయించిన గొడ్డుమాంసం ముక్క, సొరబుర్రలో పుల్లటి పెరుగు. పగలబడి నవ్వానని తనే రాసుకున్నాడు. ఈయన అంతకుముందు ఢిల్లీలో మహమ్మద్ బిన్ తుగ్లక్ కొలువులో ఖాజీగా చేశాడు. ఆ తుగ్లకే యువరాజుగా ఉన్నప్పుడు 1323లో ఓరుగల్లును పట్టుకున్నాడు. అంటే కాకతీయుల కోట పడిన మరుసటి ఏడే మూసా కైరోలో బంగారం పంచాడన్నమాట! మీ అమ్మాయి టైమ్‌లైన్‌లో ఈ రెండు గీతలూ పక్కపక్కన గీయమనండి, తాతగారితో మాట్లాడ్డానికి ఒక కబురు దొరుకుతుంది.

ఇవన్నీ వెతికేందుకు ఒక కిటుకు. ‘సైట్’ అని ఇంగ్లిష్‌లో కొట్టి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా ‘డాట్ ఈడీయూ’ అని చేరిస్తే ఎక్కువగా అమెరికా విశ్వవిద్యాలయాల పేజీలే వస్తాయి. ‘డాట్ ఎంఎల్’ మాలీ దేశపు కోడే అయినా, దాన్ని చాలా ఏళ్లు ఉచితంగా పంచిపెట్టారు. అది కనిపించగానే మాలీవాళ్ల సైటని నమ్మొద్దు, మోసగాళ్లూ దాన్ని బాగానే వాడుకున్నారు. ఇంకోటి, స్పెల్లింగు. ఇంగ్లిష్‌లో ‘టింబక్టు’ (మాలీలోని పాత నగరం), ఫ్రెంచిలో ‘తోంబూక్తూ’. ఆ ప్రాంతం చాలాకాలం ఫ్రాన్స్ ఏలుబడిలో ఉంది కాబట్టి మంచి సరుకు ఫ్రెంచిలోనే ఉంటుంది. వికీపీడియాలో ఇంగ్లిష్ వ్యాసం తెరిచి, భాషల జాబితాలో ఫ్రెంచి నొక్కి, అక్కడి పేరు కాపీ చేసుకుని వెతికితే మరో ప్రపంచం తెరుచుకుంటుంది. క్రోమ్ దాన్ని ఇంగ్లిష్‌లోకో తెలుగులోకో మార్చి పెడుతుంది. అనువాదం తడబడుతుంది కానీ విషయం అందుతుంది.

పుస్తకమే కావాలంటే యునెస్కో వేయించిన ఆఫ్రికా సమగ్ర చరిత్ర ఎనిమిది సంపుటాలు వాళ్ల డిజిటల్ లైబ్రరీలో ఉచితం. నాలుగోది మీ అమ్మాయి ప్రాజెక్టు కాలానిది. సంపాదకుడు గినీకి చెందిన చరిత్రకారుడు డి.టి.నియానే. ఆఫ్రికా చరిత్రను ఆఫ్రికావాళ్లు ఎలా చెప్పుకున్నారో అందులో చూడొచ్చు. ఏడో తరగతికి బరువే. పక్కన కూర్చుని రెండు పేజీలు మీరే చదివి చెప్పండి.

బొమ్మల విషయంలో జాగ్రత్త. మూసా అని ఇమేజ్ సెర్చ్ చేస్తే సినిమా పోస్టర్లలాంటి ఏఐ బొమ్మలు కుప్పలుగా వస్తున్నాయి. ఆయన బతికుండగా గీసిన చిత్రమేదీ మనకు దొరకలేదు. అందరూ వాడేది 1375 నాటి కాటలాన్ అట్లాస్‌లోది: కిరీటం, రాజదండం, చేతిలో బంగారు ముద్ద. అది మధ్యధరా సముద్రంలోని మయోర్కా దీవిలో, రాజు పోయిన కొన్ని దశాబ్దాలకు తయారైంది. అసలు ప్రతి ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయంలో ఉంది. వాళ్ల ‘గాలికా’ సైట్లో పెద్దది చేసి చూడొచ్చు. కింద ‘ఊహాచిత్రం’ అని రాయడం మరవొద్దు.

ప్రశ్న: మాలీ జానపద గాయకుల మీద సెమినార్ పేపర్‌కు చాట్‌బాట్‌ను అడిగితే ఆరు పుస్తకాల పేర్లు ఇచ్చింది. వాటిలో నాలుగు లైబ్రరీలో లేవు, నెట్‌లోనూ లేవు. – డిగ్రీ విద్యార్థి, హనుమకొండ

జవాబు: అవి ఎక్కడా లేవు కనుకే దొరకలేదు తమ్ముడూ. చాట్‌బాట్‌కు పుస్తకం పేరు ఎలా ఉంటుందో తెలుసు, ఉందో లేదో తెలియదు. పేరును ప్రపంచ లైబ్రరీల ఉమ్మడి జాబితా ‘వరల్డ్‌క్యాట్’లో వేసి చూడు, అక్కడా లేకపోతే తుడిచెయ్. చాట్‌బాట్‌తో వేరే పని చేయించుకో. ఏ మాటలతో వెతకాలో అడుగు. ఈ గాయకులను ఫ్రెంచిలో పిలిచే ‘గ్రియో’తో పాటు స్థానికంగా అనే ‘జెలీ’, 21 తీగల వాద్యం ‘కోరా’, వాళ్లు పాడే సుందియాటా (మాలీ సామ్రాజ్య స్థాపకుడు) గాథ, ఇలా. పరిశోధన వ్యాసాల భాండాగారం జేస్టోర్‌లో ఉచిత ఖాతా తెరిస్తే నెలకు 100 వ్యాసాల దాకా ఆన్‌లైన్‌లో చదవొచ్చు. తరతరాలుగా ఒకే కుటుంబాలు గాథను మోసుకొచ్చే తీరు చూస్తే నీకు ఒగ్గు కథ గుర్తు రాకపోదు. పోల్చు, కానీ రెండూ ఒకటేనని రాసేయకు.

చిన్న పరీక్ష చెబుతా. ఏ పేజీ అయినా మాలీ అధికార భాష ఫ్రెంచి అంటే అది పాతబడినట్టే. 2023 రాజ్యాంగంలో ఫ్రెంచికి ఆ హోదా తీసేసి, 13 దేశీయ భాషలకు ఇచ్చారు. చాట్‌బాట్‌నూ ఇదే అడిగి చూడు.

ప్రశ్న: మా బడిలో నెట్ అంతంతమాత్రం. టింబక్టు రాతప్రతులు పిల్లలకు చూపించాలని ఉంది. – ఒక ఉపాధ్యాయుడు, అనకాపల్లి జిల్లా

జవాబు: ఇంటి దగ్గరే పని ముగించుకోండి మాస్టారూ. గూగుల్ ఆర్ట్స్ అండ్ కల్చర్‌లో ‘మాలీ మ్యాజిక్’ అనే విభాగం 2022లో పెట్టారు, 40,000కు పైగా పేజీలున్నాయి. అమెరికాలోని హిల్ మ్యూజియం లైబ్రరీ సైట్లోనూ ఉచిత ఖాతాతో చూడొచ్చు. నచ్చిన ఐదారు పేజీలు పెద్దవి చేసి స్క్రీన్‌షాట్లు తీసి ఫోన్లో పెట్టుకోండి. అరబిక్ లిపి పిల్లలు చదవలేరు, ఫర్వాలేదు. అంచుల్లో ఎవరో అడ్డంగా నిలువుగా రాసుకున్న నోట్సు చూపించండి, తమ పుస్తకాలే గుర్తొస్తాయి. 2012లో సాయుధ మూకలు ఊరిని ఆక్రమిస్తే ఈ కట్టల్ని రేకుపెట్టెల్లో దాచి రహస్యంగా రాజధాని బమాకోకు తరలించారు. ఆ కథ చెప్పాక ఫొటో చూపిస్తే క్లాసు కదలదు. నెట్ లేకుండా వికీపీడియా చదవడానికి ‘కివిక్స్’ ఆప్ వేసుకోండి. మొత్తం ఇంగ్లిష్‌ది బొమ్మలతో 100 జీబీకి పైనే లాగుతుంది, దాని జోలికి పోకుండా తెలుగుదో చిన్న ప్యాకేజీనో దించుకోండి.

ప్రశ్న: గోడ మ్యాపులో గ్రీన్‌లాండ్, ఆఫ్రికా ఇంచుమించు ఒకే సైజులో ఉన్నాయేం? – ఏడో తరగతి, గుంటూరు

జవాబు: గుండ్రటి భూమిని చదునుగా పరిస్తే ధ్రువాల వైపు సాగిపోతుంది. నిజానికి ఆఫ్రికా 14 రెట్లు పెద్దది. ‘ద ట్రూ సైజ్’ అనే సైట్లో దేశాన్ని పట్టుకుని ఈడ్చి ఇంకోదాని మీద పెట్టొచ్చు. ఒక్క మాలీలోనే మన రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపి నాలుగున్నర సార్లు పడతాయి.